మాయమైన నియోజకవర్గాలు – 4: హనుమకొండ ఎదురీదిందెప్పుడు?

హనుమకొండ లోక్‌సభ స్థానం పేరెత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది 1984. ఇందిరాగాంధీ హత్య తరువాత దేశమంతా కాంగ్రెస్ వైపు ఒరిగి, ఆ పార్టీకి 400కు పైగా స్థానాలు దక్కిన ఎన్నికల్లో, కేంద్ర హోంమంత్రి హోదాలో ఉన్న పాములపర్తి వెంకట నరసింహారావు ఇక్కడ ఓడిపోయారు. ఓడించినవారు పరకాల, శాయంపేటల నుంచి వచ్చిన చందుపట్ల జంగారెడ్డి. ఆయనకు 2,63,762 ఓట్లు, పీవీకి 2,09,564 ఓట్లు. తేడా 54,198. ఆ ఏడాది భారతీయ జనతా పార్టీ దేశం మొత్తం మీద గెలిచినవి రెండే స్థానాలు, ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది హనుమకొండ. ఓడిన మనిషి ఏడేళ్ల తరువాత ప్రధానమంత్రి కావడం, గెలిచిన పార్టీ మరికొన్నేళ్లకు దేశాన్ని ఏలడం వల్ల ఆ ఒక్క ఫలితం నలభై ఏళ్లుగా కథలా చెప్పుకోబడుతోంది. ఆ కథ సారాంశం ఒక్కటే: దేశమంతా ఒక దారిన పోతుంటే హనుమకొండ ఓటరు తన దారి తాను చూసుకున్నాడని.

ఈ వ్యాసం ఆ కథను ఒప్పుకోవడం లేదు. 1984 ఫలితం తప్పని కాదు, అంకెలు అంకెలే. కానీ ఒక నియోజకవర్గం స్వభావం ఒక్క ఎన్నికలో బయటపడదు. హనుమకొండ స్థానం 1977లో మొదటిసారి ఓటు వేసింది, 2008లో చివరిసారి. ఈ మధ్యలో తొమ్మిది సార్వత్రిక ఎన్నికలు, ఒక ఉప ఎన్నిక జరిగాయి. పార్లమెంటుకు వెళ్లినవారు ఐదుగురు: పీవీ, జంగారెడ్డి, కమాలుద్దీన్ అహ్మద్, చాడ సురేశ్‌రెడ్డి, బోయినపల్లి వినోద్‌కుమార్. ఈ పది ఫలితాలనూ ఆయా సంవత్సరాల్లో రాష్ట్రం ఇచ్చిన తీర్పు పక్కన పెట్టి చూస్తే 1984లో హనుమకొండ ఎదురీదలేదని, ప్రవాహంతోనే పోయిందని తేలుతుంది. ఈ స్థానం ఎదురీదిన సందర్భాలు రెండు ఉన్నాయి, 1998, 2008. ఆ రెండింటినీ ఎవరూ తలుచుకోరు.

అంకెల్లోకి వెళ్లేముందు ఈ నేల పూర్వచరిత్ర కొంత అవసరం. హనుమకొండ పేరుతో లోక్‌సభ స్థానం రాకముందు ఈ ప్రాంతానికి ప్రధానంగా వరంగల్ స్థానమే దిక్కు. 1952లో, తెలంగాణ సాయుధ పోరాట విరమణ జరిగి ఏడాది తిరగకముందే, వరంగల్ ఓటర్లు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ అభ్యర్థి పెండ్యాల రాఘవరావును లోక్‌సభకు పంపారు. ఆయనది ఇప్పటి జనగామ జిల్లాలోని చిన్నపెండ్యాల. ఆ ఎన్నికలో ఆయన చేతిలో ఓడిన అభ్యర్థి కాళోజీ నారాయణరావు. జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉండేది. 1946 జులై 4న ఆ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు మొదలైన పోరాటం వేడి ఆ తొలి ఓట్లలో ఇంకా చల్లారలేదు. 1957లో మహబూబాబాద్ పేరుతో ఒక లోక్‌సభ స్థానం ఏర్పడింది. ఇటికాల మధుసూదనరావు దాని ప్రతినిధి అయ్యారు. 1967 నాటికి ఆ స్థానం పటం మీద లేదు. 1971లో తెలంగాణ ప్రజా సమితి తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది, వాటిలో వరంగల్ ఒకటి, గెలిచినది ఎస్.బి. గిరి. అంటే ఈ ప్రాంతపు ఓటర్లు ఢిల్లీ గాలికి ఎదురు నిలవడం 1984లో కొత్తగా నేర్చుకున్న విద్య కాదు. దేశమంతా ఇందిరాగాంధీకి జై కొట్టిన 1971లోనే అది చేసి చూపించారు. నియోజకవర్గాలు పుట్టడం, మాయమవడం కూడా ఇక్కడి జనానికి పాత సంగతే.

1971 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన పునర్విభజనలో ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ స్థానాలు 42 అయ్యాయి, హనుమకొండ పుట్టింది. 1977లో ఉత్తర భారతమంతా కాంగ్రెస్‌ను ఊడ్చిపెట్టినా ఆంధ్రప్రదేశ్ 42లో 41 స్థానాలు కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. 1957 నుంచి మంథని శాసనసభ్యుడిగా ఉంటూ, 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి దాకా ముఖ్యమంత్రి పదవి చూసిన పీవీ ఆ గాలిలోనే హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1980లో మళ్లీ 42లో 41 కాంగ్రెస్‌వే, హనుమకొండ మళ్లీ పీవీదే. ఈ రెండు విజయాలనూ ఆయన సొంత బలానికి కొలతగా తీసుకోవడానికి లేదు. ఆ రెండు ఎన్నికల్లోనూ రాష్ట్రంలో కాంగ్రెస్ టికెట్ ఉన్నవాడు ఓడడమే వింత. ఆయన పుట్టిన లక్నేపల్లి నర్సంపేట పక్కన, పెరిగిన వంగర అటు హుజూరాబాద్ వైపు. రెండూ ఈ చుట్టుపక్కలవే కాబట్టి స్థానికుడన్న పేరు ఆయనకు ఉంది. ఆ పేరుకు పరీక్ష ఎదురైంది మాత్రం 1984లోనే.

1984ను అర్థం చేసుకోవాలంటే డిసెంబరుకంటే ముందు ఆగస్టును చూడాలి. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. నెల రోజుల ఆందోళన తరువాత సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజుల్లో కాంగ్రెసేతర పార్టీలు ఆయన పక్కన నిలబడ్డాయి, భారతీయ జనతా పార్టీ కూడా. ఆ తరువాత వచ్చిన లోక్‌సభ ఎన్నికలు మిగతా దేశానికి ఇందిరాగాంధీ మరణం మీద జరిగితే ఆంధ్రప్రదేశ్‌కు ఆగస్టు అవమానం మీద జరిగాయి. తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షం అయింది. కాంగ్రెస్‌కు దక్కినవి 6. పక్కనున్న వరంగల్‌లో తెలుగుదేశం అభ్యర్థి టి. కల్పనాదేవి గెలిచారు. హనుమకొండలో రామారావు మద్దతు జంగారెడ్డికి వెళ్లింది. ఢిల్లీ నుంచి చూసేవారికి ఇది దేశమంతటికీ భిన్నమైన తీర్పులా కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి చూస్తే రాష్ట్రంలో మూడింట రెండు వంతులకు పైగా స్థానాలు ఇచ్చిన తీర్పే ఇక్కడా వచ్చింది. కమలం గుర్తు వల్ల మనకు వేరుగా కనిపించింది, అంతే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటి ఉంది, అది తేలికైనది కాదు. గెలుపు పూర్తిగా రామారావు గాలిదే అయితే జంగారెడ్డి స్థానంలో ఎవరున్నా గెలిచేవారా? హోంమంత్రిని అర లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడించడం ఎవరికైనా సాధ్యమా? జంగారెడ్డి రికార్డు చూస్తే ఈ ప్రశ్నకు బలం వస్తుంది. 1967లో ఆయన భారతీయ జనసంఘ్ తరఫున పరకాల శాసనసభ్యుడయ్యారు. తెలంగాణ పల్లెల్లో జనసంఘ్ దీపం గుర్తుకు ఆనవాలే లేని రోజులవి. 1978లో కాంగ్రెస్ (ఐ) రాష్ట్రాన్ని చుట్టేసినప్పుడు జనతా పార్టీ తరఫున శాయంపేటలో గెలిచారు. 1983లో తెలుగుదేశం తొలి ప్రభంజనంలో భారతీయ జనతా పార్టీ తరఫున అదే శాయంపేటలో గెలిచారు. మూడుసార్లు మూడు పార్టీ పేర్ల మీద, మూడుసార్లూ రాష్ట్రపు ప్రధాన ప్రవాహానికి బయట నిలిచి గెలిచిన మనిషి. కాబట్టి ఎదురీత అనే మాట ఆయనకు తగినదే. అయితే ఆ ఎదురీత 1967, 1978, 1983లది, పరకాల–శాయంపేట పల్లెలది. ఒక శాసనసభ స్థానంలో మనిషిని చూసి ఓటేయడం వేరు, అలాంటి ఏడు స్థానాలు కలిసిన లోక్‌సభ స్థానంలో గెలవడం వేరు. సొంత పల్లెల బలం ఆయనను అభ్యర్థిగా నిలబెట్టింది, మిగతా స్థానాల ఓటు రామారావు పిలుపుతో వచ్చిందని నా నిర్ణయం. 1984 తరువాత భారతీయ జనతా పార్టీ హనుమకొండ లోక్‌సభ స్థానాన్ని ఎన్నడూ గెలవకపోవడం ఈ నిర్ణయాన్ని బలపరుస్తోంది. ఓటరు నిజంగా ఆ పార్టీ భావాలవైపు తిరిగి ఉంటే, ఆ పార్టీ దేశమంతటా పెరిగిన 1990లలో హనుమకొండలోనూ దాని జాడ గెలుపుల్లో కనిపించాలి కదా.

రెండో అభ్యంతరం పీవీ వైపు నుంచి వస్తుంది. ఆయన నాలుగున్నరేళ్లు విదేశాంగ మంత్రిగా దేశాలు తిరిగారు, నియోజకవర్గం ముఖం చూడలేదు, ముఖ్యమంత్రిగా తెచ్చిన భూసంస్కరణల వల్ల దొరలు పగపట్టారు, అందుకే ఓడారు అంటారు. దొరల కోపం నిజమే. 1972 నాటి భూపరిమితి ప్రయత్నాలు ఆయనకు పల్లెల్లో పెద్ద శత్రువులను సంపాదించాయి. కానీ ఆ కోపం 1972 నాటిది. దాని తరువాతే ఆయన 1977లోనూ 1980లోనూ గెలిచారు. పదేళ్లు నిద్రపోయిన పగ 1984లో ఒక్కసారిగా లేచిందనడానికి కారణం చూపాలి. కంటికి కనబడకపోవడం అన్న ఆరోపణ కొంత నిలుస్తుంది, అయితే ఆ ఏడాది రాష్ట్రంలో ఓడిన కాంగ్రెస్ అభ్యర్థులందరూ ఊరు వదిలి తిరిగినవారు కారు. పనిచేసినవారూ చేయనివారూ కలిసి ఓడిన చోట ఓటమికి కారణం వ్యక్తుల్లో వెతికితే దొరకదు. మరొకటి, హనుమకొండ ప్రజలు పీవీని మనిషిగా తిరస్కరించారన్న మాట 1996 ఫలితం ముందు నిలబడదు. దాని దగ్గరికి వస్తాను.

ఒక మంత్రి తన స్థానంలోనే ఓడడం ఎంత పెద్ద సంగతి కాగలదో చెప్పడానికి ఐర్లండ్‌లోని క్లేర్ మంచి ఉదాహరణ. 1828లో వెసీ ఫిట్జెరాల్డ్ అనే క్లేర్ సభ్యుడికి బ్రిటిష్ మంత్రివర్గంలో చోటు దొరికింది. అప్పటి చట్టం ప్రకారం మంత్రి పదవి తీసుకున్నవాడు మళ్లీ ఓటర్ల దగ్గరికి వెళ్లాలి. ఆయన మీద డేనియల్ ఓ కానెల్ నిలబడ్డాడు. కాథలిక్కు కావడంతో, గెలిచినా ప్రమాణం చేసి సభలో కూర్చోలేడని తెలిసే నిలబడ్డాడు, గెలిచాడు. ఆ గెలుపు ఒత్తిడికి లండన్ ప్రభుత్వం మరుసటి ఏడాదే కాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరిచింది. అదే ఊపులో ఓటు హక్కు అర్హతను నలభై షిల్లింగుల భూమి నుంచి పది పౌండ్లకు పెంచి, ఓ కానెల్‌ను గెలిపించిన చిన్న రైతులనే ఓటర్ల జాబితా నుంచి తోసేసింది. 1885 పునర్విభజనలో క్లేర్ తూర్పు, పడమరలుగా చీలింది. ఇదీ ఎదురీత అంటే. ఓటర్లు కోరి ఒక నిషేధాన్ని ఢీకొట్టారు, దేశపు చట్టం మారింది, దానికి వాళ్లే మూల్యం చెల్లించారు. హనుమకొండ 1984లో ఢిల్లీలో ఏం మార్చింది? పీవీ మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా పోటీ చేసి గెలిచి ఉన్నారు. నెల తిరగకుండా రక్షణ మంత్రి అయ్యారు. మార్పు వచ్చింది ఒక్క విషయంలోనే: ఆ తరువాత తెలంగాణ గడ్డ మీద నుంచి ఆయన లోక్‌సభకు మళ్లీ వెళ్లలేదు. 1989లో రాంటెక్, ప్రధాని అయ్యాక 1991 ఉప ఎన్నికలో నంద్యాల, 1996లో నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురం ఆయన స్థానాలయ్యాయి.

1989లో గాలి తిరిగింది. రాష్ట్రంలో కాంగ్రెస్ 39 స్థానాలు గెలిచింది, హనుమకొండ కూడా తిరిగి కాంగ్రెస్‌కు వచ్చింది. అభ్యర్థి కమాలుద్దీన్ అహ్మద్, జనగామ ప్రాంతంలో రాజకీయం మొదలుపెట్టి, 1980లో వరంగల్ స్థానం నుంచి లోక్‌సభకు వెళ్లి వచ్చినవారు. ఈ రెండు స్థానాలకూ ప్రాతినిధ్యం వహించిన మనిషి ఆయనే. 1991లో రాష్ట్రంలో కాంగ్రెస్ బలం 25కు తగ్గినా హనుమకొండ నిలిచింది, కమాలుద్దీన్ పీవీ మంత్రివర్గంలో పౌరసరఫరాల శాఖ చూశారు. ముస్లిం జనాభా ఎక్కువగా లేని, పల్లెలే ఎక్కువగా ఉన్న ఈ స్థానం వరుసగా మూడుసార్లు ఒక ముస్లిం నాయకుడిని ఎన్నుకుంది. అంతకుముందు ఎన్నికలోనే భారతీయ జనతా పార్టీని గెలిపించిన ఓటర్లు వీరు. 1984 నాటి ఓటు మతం మీద పడిన ఓటు కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక 1996. దేశంలో కాంగ్రెస్ కుంగిపోయి 140 స్థానాల దగ్గర ఆగింది. ఓటమి నెపమంతా పీవీ మీద పడింది. రాష్ట్రంలో అధికారం తెలుగుదేశానిది, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయి ఏడాది కాలేదు. పక్కనున్న వరంగల్ స్థానం తెలుగుదేశానికి, అజ్మీరా చందూలాల్‌కు వెళ్లింది. అలాంటి ఏడాది హనుమకొండ మూడోసారి కమాలుద్దీన్‌నే ఎన్నుకుంది. రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్ 22, తెలుగుదేశం 16 గెలిచాయి కాబట్టి ఇదీ మెజారిటీ వైపు ఓటే, ఎదురీత అనలేం. అయినా పీవీని తరిమేసిన ఊరన్న కథకు ఇది పొసగదు. ఆయన పేరు దేశమంతటా బరువైపోయిన ఏడాది, ఆయన ప్రభుత్వంలో పనిచేసిన మనిషిని, ఆయన పార్టీ గుర్తు మీదే ఈ ఓటర్లు గెలిపించారు. 1984లో వాళ్లు ఓడించింది ఆగస్టు నాటి ఢిల్లీని. వంగర పీవీని కాదు.

ఎదురీత అని చెప్పదగిన మొదటి ఫలితం 1998లో వచ్చింది. ఆ ఎన్నికలో రాష్ట్రంలో కాంగ్రెస్ 22, తెలుగుదేశం 12, భారతీయ జనతా పార్టీ 4 గెలిచాయి. భారతీయ జనతా పార్టీ తెలుగుదేశంతో పొత్తు లేకుండా పోటీ చేసి ఎన్నడూ లేనన్ని ఓట్లు తెచ్చుకోవడంతో చాలాచోట్ల పోటీ మూడు ముక్కలైంది. ఆ చీలికలో లాభపడింది ఎక్కువగా కాంగ్రెస్. హనుమకొండ మాత్రం పదేళ్లుగా తనదైన కాంగ్రెస్‌ను వదిలి తెలుగుదేశం అభ్యర్థి చాడ సురేశ్‌రెడ్డిని ఎన్నుకుంది. వరంగల్ చందూలాల్‌తోనే ఉండిపోయింది. అంటే ఆ ఏడాది ఉమ్మడి వరంగల్ నడిబొడ్డున ఉన్న రెండు స్థానాలూ కలిసి రాష్ట్రపు ఒరవడికి దూరంగా నిలిచాయి. ఇది హనుమకొండ ఒక్కదాని స్వభావమా, జిల్లా మొత్తంలో తెలుగుదేశం వేసుకున్న వేళ్ల బలమా అంటే రెండోదే నిజమని తోస్తుంది. 1999లో తెలుగుదేశం, భారతీయ జనతా పార్టీ కలిసి 36 స్థానాలు గెలిచాయి, సురేశ్‌రెడ్డి రెండోసారి గెలిచారు. ఏడాదిన్నర ముందు ఎదురీదిన స్థానం దగ్గరికే ప్రవాహం వచ్చి కలిసింది.

2004లో కాంగ్రెస్, తెలంగాణ రాష్ట్ర సమితి, వామపక్షాల పొత్తు తెలుగుదేశాన్ని ఊడ్చేసింది. తెలంగాణ రాష్ట్ర సమితికి దక్కిన 5 లోక్‌సభ స్థానాల్లో హనుమకొండ ఒకటి, వరంగల్ మరొకటి. హనుమకొండ నుంచి వినోద్‌కుమార్, వరంగల్ నుంచి ధరావత్ రవీందర్‌నాయక్ వెళ్లారు. ప్రత్యేక రాష్ట్రం మాట తేలకపోవడంతో 2008 మార్చిలో ఆ పార్టీ ప్రతినిధులు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. మే 29న కరీంనగర్, హనుమకొండ, వరంగల్, ఆదిలాబాద్ లోక్‌సభ స్థానాలకు, వాటితో పాటు శాసనసభ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. జూన్ 1న ఫలితాలు వచ్చేసరికి ఉద్యమ పార్టీకి గట్టి దెబ్బ తగిలింది. వదులుకున్న 16 శాసనసభ స్థానాల్లో తిరిగి దక్కినవి 7. ఆదిలాబాద్ కాంగ్రెస్‌కు పోయింది. వరంగల్‌ను ఎర్రబెల్లి దయాకర్‌రావు తెలుగుదేశానికి గెలిచి ఇచ్చారు. కరీంనగర్‌లో పార్టీ అధినేత చంద్రశేఖరరావు, హనుమకొండలో వినోద్‌కుమార్ మాత్రమే నిలబడ్డారు. ఉద్యమం పని అయిపోయిందని పత్రికలు రాస్తున్న వారంలో, పార్టీ అధినేత కానివాడు ఒక లోక్‌సభ స్థానాన్ని ఉద్యమం పేరు మీదే నిలబెట్టుకున్న చోటు హనుమకొండ ఒక్కటే. అప్పటి రాష్ట్రపు గాలికి, పక్క స్థానపు గాలికి కూడా ఎదురుగా పడిన ఓటు ఇది. ఈ స్థానం చరిత్రలో స్వతంత్రమైన తీర్పు ఏది అని అడిగితే నేను దీన్నే చూపుతాను.

పది ఫలితాలతో ఇంత పెద్ద మాట చెప్పవచ్చా, ఎనిమిదిసార్లు గాలితో పోయిందంటే ఏ స్థానమైనా అంతే కదా అని చదువరులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వరంగల్‌ను పక్కన పెట్టి పోల్చింది అందుకే. రెండు స్థానాల పొలిమేరలు కలిసేవి, పంటలు అవే, పత్తి, వరి, మిర్చి. నాయకులు ఇటూ అటూ తిరిగేవారు. పదిసార్లలో ఎనిమిదిసార్లు రెండూ ఒకే పక్షం వైపు నిలిచాయి. విడిపోయినవి రెండే, 1996, 2008. రెండుసార్లూ వరంగల్ తెలుగుదేశం వైపు వెళ్లింది, రెండుసార్లూ హనుమకొండ తన చేతిలో ఉన్న సభ్యుడిని వదల్లేదు. 1996లో కమాలుద్దీన్‌ను, 2008లో వినోద్‌కుమార్‌ను మళ్లీ గెలిపించింది. ఇందులో ఒక ఒరవడి ఉందనిపిస్తుంది. హనుమకొండ ఎన్నుకున్న ఐదుగురిలో నలుగురిని కనీసం రెండుసార్లు ఎన్నుకుంది. ఒక్కసారితో ఆగిపోయినది జంగారెడ్డి ఒక్కరే. జనం కథగా చెప్పుకునే ఆ విజేతే ఈ స్థానం అలవాటుకు మినహాయింపు.

ఇక రద్దు కథ. లోక్‌సభ స్థానాల సంఖ్యను 1976లో 42వ రాజ్యాంగ సవరణ 2001 దాకా కదలకుండా కట్టేసింది. 84వ సవరణ ఆ కట్టును 2026 తరువాత జరిగే తొలి జనాభా లెక్కల దాకా పొడిగించింది. సంఖ్య కదలకపోయినా సరిహద్దులు కదలవచ్చు. 2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్దీప్‌సింగ్ అధ్యక్షతన పునర్విభజన కమిషన్ పటం మళ్లీ గీసింది. 2008 ఫిబ్రవరి 19న అది అమల్లోకి వచ్చింది. తెలంగాణలో హనుమకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ, వాటితో పాటు భద్రాచలం పోయాయి. భువనగిరి, చేవెళ్ల, జహీరాబాద్, మల్కాజ్‌గిరి, మహబూబాబాద్ వచ్చాయి. శాసనసభ స్థాయిలో జంగారెడ్డి రెండుసార్లు గెలిచిన శాయంపేట పోయి భూపాలపల్లి వచ్చింది. కొత్త హద్దులు ఉన్న సభ రద్దయ్యాకే వర్తిస్తాయి కాబట్టి మే నెల ఉప ఎన్నిక పాత హద్దుల మీదే జరిగింది. ఈ స్థానం వేసిన అత్యంత స్వతంత్రమైన ఓటు కాగితం మీద అది రద్దయిన మూడు నెలల తరువాత పడింది.

ఈ రద్దును అన్యాయం అనలేం. ఐర్లండ్‌లో 1885లో రద్దయిన పోర్టార్లింగ్టన్ వంటి స్థానాలు గుప్పెడు ఓటర్లతో ఒక కుటుంబం జేబులో ఉండేవి. ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఆ స్థానం సభ్యత్వాన్ని డబ్బిచ్చి పొందాడు, ఒక్కసారి కూడా అక్కడికి వెళ్లలేదు. వాటి రద్దుకు ఎవరూ ఏడవలేదు, ఏడవనక్కర్లేదు. హనుమకొండ అలాంటిది కాదు. ఓటర్లు లక్షల్లో ఉన్నారు, తప్పు ఏదీ లేదు, రద్దయింది లెక్కల కోసం. అయితే ఆ లెక్కల వెనక బలమైన న్యాయం ఒకటి ఉంది. హనుమకొండ ముప్పై ఏళ్లలో పంపిన ఐదుగురిలో ఒక్క దళితుడు, ఒక్క గిరిజనుడు, ఒక్క మహిళ లేరు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చారు. కొత్త లెక్కలతో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన లోక్‌సభ స్థానాలు 2 నుంచి 3కు, దళిత స్థానాలు 6 నుంచి 7కు పెరిగాయి. మహబూబాబాద్ గిరిజనులకు, వరంగల్ దళితులకు దక్కాయి. జనరల్ స్థానంగా ఉన్నప్పుడే వరంగల్ గిరిజనులైన చందూలాల్‌నూ రవీందర్‌నాయక్‌నూ పంపింది కాబట్టి రిజర్వేషన్ లేకపోయినా జరిగేదేమో అనేవారున్నారు. పక్కనున్న హనుమకొండ ఆ పని ఎన్నడూ చేయలేదు కదా, అదే దానికి జవాబు. 2009 నుంచి మహబూబాబాద్ బలరాం నాయక్, సీతారాం నాయక్, మాలోత్ కవితలను, 2024లో మళ్లీ బలరాం నాయక్‌ను పంపింది. హనుమకొండ పోవడం వల్ల వచ్చినవి ఇవి. వాటిని కాదనే హక్కు ఎవరికీ లేదు.

నా అభ్యంతరం రద్దు మీద కాదు, ఆ తరువాతి చిందరవందర మీద. పునర్విభజన చట్టం స్థానాలు వీలైనంతవరకు ఒక్కచోట ముద్దగా ఉండాలని, పరిపాలన సరిహద్దులనూ రాకపోకలనూ జనం సౌకర్యాన్నీ చూడాలని చెబుతుంది. 2008 పటం అప్పటి జిల్లాలను చూసి గీసింది. 2016 అక్టోబరు 11న జిల్లాలే మారిపోయాయి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి విడివిడి జిల్లాలయ్యాయి, లోక్‌సభ గీతలు పాతచోటే ఉండిపోయాయి. జనగామ పట్టణ ఓటరు భువనగిరి లోక్‌సభ స్థానంలో, హైదరాబాద్ అంచునున్న ఇబ్రహీంపట్నం ఓటర్లతో కలిసి ఓటేస్తాడు. అదే జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి ఓటర్లు వరంగల్ స్థానంలో ఉన్నారు. తొర్రూరును దగ్గరగా చూడండి. రెవెన్యూ పనికి మహబూబాబాద్ కలెక్టరేట్‌కు పోవాలి. శాసనసభ్యుడు పాలకుర్తివాడు, ఆ పాలకుర్తి జనగామ జిల్లాలో ఉంది. ఎంపీ వరంగల్ ఎంపీ. పక్క మండలంవాళ్ల ఎంపీ మహబూబాబాద్ ఎంపీ. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాలువలో నీళ్లు రాలేదని ఎవరిని నిలదీయాలన్నా ముగ్గురు ఒకరి మీద ఒకరు చెప్పుకునే వీలుంది. భూపాలపల్లి జిల్లాలోనూ ఇదే తీరు. గనుల పట్టణం వరంగల్ ఎంపీ పరిధిలో ఉంటే, గోదావరి ఒడ్డునున్న మహదేవపూర్, కాటారం మంథని శాసనసభ స్థానంలో, పెద్దపల్లి లోక్‌సభ స్థానంలో ఉన్నాయి.

ఓటరు తన ప్రతినిధిని ఒక ఎన్నిక నుంచి మరో ఎన్నికకు కొలిచే పనికి ఒకే గీత లోపల కొన్నాళ్లు ఉండడం కావాలి. పైన చేసిన పది ఫలితాల పోలిక సాధ్యమైంది హనుమకొండ ముప్పై ఒక్క ఏళ్లు ఒకే గీత లోపల ఉండడం వల్లే. సభ్యుడిని మళ్లీ పంపడమా మార్చడమా అని పదిసార్లు ఆలోచించుకునే అవకాశం ఆ ఓటర్లకు దక్కింది. 1957లో పుట్టి పదేళ్లలో పోయిన తొలి మహబూబాబాద్ స్థానానికి ఆ అవకాశం లేదు, అందుకే దానికి చెప్పుకునే స్వభావమూ ఏర్పడలేదు. 2026 తరువాతి జనాభా లెక్కలతో పటం మళ్లీ కదలబోతోంది. అప్పుడు జనగామ జిల్లా మొత్తం ఒకే ఎంపీ కిందికి రావాలని, తొర్రూరు కలెక్టరేట్ ఉన్న జిల్లా ఎంపీనే ఎన్నుకోవాలని, మహబూబాబాద్ గిరిజన స్థానం చెక్కుచెదరకూడదని అడగడం అత్యాశ కాదు, చట్టం రాసిందే అది. కమిషన్ ముసాయిదా వేసి అభ్యంతరాలు పిలిచే రోజున ఈ మూడు జిల్లాల గ్రామ పంచాయతీలు తీర్మానాలతో ఎదురుగా ఉండాలి.

2009 మే నెలలో పద్నాలుగో లోక్‌సభ రద్దవడంతో హనుమకొండ స్థానం చట్టరీత్యా కూడా ముగిసింది. దాని చివరి సభ్యుడు వినోద్‌కుమార్ ఆ ఎన్నికలో కరీంనగర్‌కు మారి ఓడారు, 2014లో అక్కడే గెలిచారు. వచ్చే సంచికలో మిర్యాలగూడ: సాయుధ పోరాట నాయకుడు భీమిరెడ్డి నర్సింహారెడ్డిని మూడుసార్లు లోక్‌సభకు పంపి, హనుమకొండతో పాటే మాయమైన స్థానం.